పైకప్పుకు కావలసిన ఆవకాయ

ఒకటో నమోదు

ఊళ్ళకు వెళ్ళిన వంపుల ఇంజనీరు ఏ రోజు పని ఆ రోజే నమోదు చేయాలట. చేస్తున్నాను. చదివే నాథుడు లేడని తెలుసు కనుక మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నా పేరు అపరంజి. కొత్తలంకకు తుఫాను ఆశ్రయం కట్టించడానికి వచ్చాను. పాతదాన్ని పోయినేడు గోదారి తీసుకుపోయింది. వాయుగుండాల కాలం దగ్గర పడుతోంది. ఆలోగా కప్పు లేవకపోతే ఊరంతా రేవు దాటి మెట్టపాలెం ఆశ్రయానికి పోవాలి. ఆ మాట ఎత్తితేనే ఇక్కడ అందరికీ ఒళ్ళు మండుతోంది. కిందటిసారి మెట్టపాలెం వాళ్ళు వీళ్ళను గుమ్మం పక్కన కూర్చోబెట్టి, చప్పటి ఉప్మా పెట్టి, "తినండి, పాపం" అన్నారట. ఉప్మా అరిగిపోయింది కానీ ఆ "పాపం" ఇంకా అరగలేదు. దాటేటప్పుడు ఒక పడవ తిరగబడింది కూడా. ఆ సంగతి మాత్రం ఎవరూ నవ్వుతూ చెప్పలేదు.

ఈ రోజు ఊరి సభ. "ఆశ్రయం ఊరి మనసును వ్యక్తం చేయాలి" అని మా శాఖ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. అది రాసిన మహానుభావుడు జన్మలో ఏ ఊరి సభకూ వెళ్ళి ఉండడు.

ముందు సర్పంచి కోదండం లేచాడు. "ఆయ్, మా నాన్నగారి తలపాగా ఆకారంలో కట్టేస్తే సరిపోద్దండి. ఊరి మనసంటే ఆయనే కదండి."

"ఆయన తలపాగా మీ ఇంటి మనసు. ఊరికి బోర్లించిన పడవ కావాలి" అన్నాడు వలల వీధి పెద్ద పోలయ్య.

కుమ్మరి వీధి వాళ్ళు కుండ అన్నారు. బడి టీచరమ్మ తెరిచిన పుస్తకం అంది. పుస్తకం మధ్యలో వాన నీళ్ళు నిలిచి కప్పు కాస్తా కుంట అవుతుందని చెప్పాను. "పోనీ మూసిన పుస్తకం" అంది. మూసిన పుస్తకం కింద ఎవరు పడుకుంటారమ్మా?

నా భుజానికి ఎప్పుడూ ఒక లెక్కల పెట్టె వేలాడుతుంటుంది. పేరు పంతులు. మాట్లాడుతుంది, అడగకపోయినా మాట్లాడుతుంది. ఎవరు నేర్పారో కానీ దాని భాష వందల ఏళ్ళ కిందటిది. "తలపాగా నిలుచును. మొదటి గాలికి విప్పుకొనును" అని అందరి ముందూ అనేసింది. కోదండం మొహం మాడిపోయింది.

"ఎవరి ఆకారమూ వద్దు. గుడ్డ ఏం చెబితే అది కడదాం" అన్నాను.

రెండో నమోదు

ఇంటికో చీరో పంచో తెమ్మన్నాను. వలల వీధి వాళ్ళు అన్నిటినీ కలిపి ఒకటే గుడ్డగా కుట్టారు. ఊరి చివర పాత ఉప్పు మడుగు ఎండిపోయి పెద్ద గొయ్యిలా ఉంది. దాని అంచుల చుట్టూ గుంజలు పాతి, గుడ్డను గోతిలోకి ఊయలలా వేలాడదీశాం. మీదుగా ఒక పలక వేసుకుని, దాని మీద నడుస్తూ పాకం చల్లాం. పాకమంటే బెల్లం పాకం కాదు. పగడపు పురుగులు అరిగించిన సున్నం. మూడు రోజుల్లో రాయవుతుంది.

సిమెంటూ ఇనుమూ పోయి మూడు తరాలైంది. ఇప్పుడు కప్పు నిలబడాలంటే వంపు సరిగా ఉండటం తప్ప దారి లేదు. వేలాడే గుడ్డకు అబద్ధం చెప్పడం రాదు. దాని మీద ఎంత బరువుంటే అంతే వంగుతుంది, ఎక్కడ బరువుంటే అక్కడ వంగుతుంది. అందులో ఉన్నదంతా లాగుడే. గట్టిపడ్డాక తలకిందులు చేస్తే ఆ లాగుడంతా ఒత్తిడిగా మారుతుంది. లాగితే పగిలే రాయి ఒత్తితే ఎంత బరువునైనా మోస్తుంది. నా చదువు మొత్తం ఇంతే. మిగతాదంతా పంతులు చేస్తుంది.

ఒకటే భయం. ఆరే మూడు రోజులూ గుడ్డను ఎవరూ ముట్టుకోకూడదు. కంచె వేస్తే పిల్లలు దూకుతారు, బోర్డు పెడితే పెద్దలు దాని మీద బట్టలు ఆరేస్తారు. అందుకని ఒక ఉపాయం చేశాను. మనుషుల మధ్య మడీ మైలా ఏనాడో పోయాయి, పీడ వదిలింది. కానీ కొత్తలంకలో ఊరగాయకు మాత్రం మడి ఇంకా ఉంది. కొత్త ఆవకాయ జాడీని తడిబట్టతో ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోరు. కాబట్టి చాటింపు వేయించాను: "గుడ్డ మడిలో ఉంది!"

ఒక్క పురుగు దగ్గరికి రాలేదు. చాటింపుకు కట్టుబడి నేనూ వెళ్ళలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. (తర్వాత చేర్చింది: ఈ వాక్యం రాసినందుకు చాలా సిగ్గుపడ్డాను, అయినా కొట్టేయడం లేదు.)

మూడో నమోదు

బెలూన్లు కట్టి గోతిలోంచి పైకి లేపి, తలకిందులుగా దించాం. ఊరంతా చప్పట్లు. నేను మాత్రం కొట్టలేదు.

నున్నగా, బోర్లించిన గిన్నెలా రావలసిన కప్పుకు నడినెత్తిన ఒక మొన. ఎవరో లోపలి నుంచి వేలు పెట్టి పొడిచినట్టు.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది టీచరమ్మ. బాగుండటం నా సమస్య కాదు. అది నేను అడిగిన వంపు కాదు.

పాకం ఎక్కువ రోజులు నిలవుండదు. అందుకని కింద ఊతకర్రలు పెట్టి, మీద పూతల మీద పూతలు వేయించేశాను. అసలు గుడ్డకు పది రెట్ల బరువైంది. శాఖ ఇచ్చిన పాకం పీపాలన్నీ ఖాళీ. వానాకాలం పోయేదాకా ఇంకో పీపా రాదు.

నాలుగో నమోదు

ఒక్క కర్ర సడలించి చూశాను. మొన దగ్గర 'టిక్' మంది. కర్రను మళ్ళీ బిగించి, పంతుల్ని అడిగాను.

"గుడ్డ వ్రేలాడునపుడు నట్టనడుమ ఒక బరువు ఉండెను. ఇద్దరు మోయదగినది. ఆ బరువునకు తగిన వంపు వచ్చెను. ఇప్పుడు బరువు లేదు, వంపు ఉన్నది. కర్రలు తీసిన యెడల ప్రక్కలు లోనికి నొక్కును. మొన పైకి తన్నుకొని విరుగును" అంది.

అంటే వంపులో తప్పు లేదు. లేని బరువు కోసం సరిగ్గా వంగింది. చెప్పానుగా, దానికి అబద్ధం రాదు.

లోపలంతా కర్రల అడవి. అవి తీస్తే కప్పు విరుగుతుంది, తీయకపోతే పిల్లి కూడా దూరలేదు. మరి బరువు ఎవరు పెట్టారు? కర్రలు పట్టుకుని పైకి పాకి, మొన లోపలి వైపు చూశాను. గుండ్రటి చుట్టకుదురు అచ్చు. దాని చుట్టూ ఎర్రటి నూనె మరక. వాసన చూశాను.

ఆవకాయ.

అయిదో నమోదు

పేరిందేవి మామ్మ ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. ఆశ్రయం కోసం ప్రతి ఏడూ ఇద్దరు మోసేంత జాడీలో ఆవకాయ పెట్టేది ఆవిడే. తుఫాను రోజుల్లో ఊరంతా ఆ జాడీతోనే అన్నం తింటుంది.

"అవునమ్మాయ్, నేనే పెట్టాను. కోడలూ నేనూ పలక మీద నించుని తాడుతో దింపాం" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

"ముట్టుకోవద్దని చాటింపు వేయించాను కదా మామ్మా!"

"ముట్టుకోవద్దనలేదు, మడి అన్నావు. నేను తడిబట్టతోనే వచ్చాను. మడిలో ఉన్నదాన్ని మడిలో ఉన్నవాళ్ళు ముట్టుకోకపోతే ఇంకెవరు ముట్టుకుంటారే? ఆవకాయ కలిపాక మూడోనాటి దాకా కదపకూడదు. నీ గుడ్డకీ మూడు రోజులే. ఊళ్ళో పిల్లాజెల్లా ఎవరూ రాని చోటు అంతకన్నా ఎక్కడుంది? నాలుగోనాడు పొద్దున్నే తీసుకెళ్ళి తిరగకలిపాను. చక్కగా ఊరింది."

ఆ తర్కంలో ఎక్కడా పగులు లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. వీధిలో పదిమంది చూస్తుండగా అరిచేశాను. ఊరి ప్రాణాలు జాడీలో పెట్టి ఊరేశావన్నాను. బుద్ధి ఉండక్కర్లేదా అన్నాను. ఆవిడ చెంగుతో జాడీ మూత తుడిచి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

ఆరో నమోదు

దారి దొరికింది. కప్పుకు ఏ బరువు కావాలో ఆ బరువే ఇస్తే చాలు. మీద పెట్టక్కర్లేదు, మొన లోపలి నుంచి వేలాడదీసినా కప్పుకు ఒకటే. పూతలతో కప్పు పది రెట్లయింది కనుక వేలాడే బరువూ పది రెట్లు కావాలి. అంటే మామ్మ జాడీ లాంటివి పది.

"ఇసుక మూటలు కట్టేద్దామండి" అన్నాడు కోదండం. ఇక్కడి ఇసుకంతా సముద్రపు కట్టకు కేటాయించింది. గుప్పెడు తీసినా జైలే. ఈ లంకలో రాయి లేదు. మట్టి కడితే తడికి కారిపోతుంది.

"జాడీల్లో నీళ్ళు పోద్దాం" అన్నాడు పోలయ్య.

"జాడీలు ఖాళీగా ఎక్కడున్నాయి? వేసవి ఇప్పుడేగా అయింది, ప్రతి ఇంట్లోనూ నిండుగా ఉన్నాయి" అన్నాను. అన్నాక నాకే వెలిగింది. నీళ్ళు ఒలుకుతాయి, ఆరిపోతాయి. ఆవకాయ ఒలకదు, ఆరదు. ఎవరూ తినకపోతే తగ్గదు.

పోలయ్య వాళ్ళు వల తాళ్ళతో ఒక ఉట్టి అల్లారు. ఎద్దును పడుకోబెట్టవచ్చు, అంత పెద్దది. ఇంటింటికీ తిరిగి జాడీలు అడిగాను. ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళ మొహాలు చూస్తే పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టుంది. "మా జాడీ పైన ఉండాలి", "వాళ్ళ మాగాయ పక్కన మాది పెట్టొద్దు" అని షరతులు. ఉట్టి లోపల కూడా వీధులు ఏర్పడ్డాయి.

మామ్మ తలుపు మాత్రం తట్టలేకపోయాను. మొహం చెల్లలేదు.

ఏడో నమోదు

వాయుగుండం తుఫానైంది. రేపు మధ్యాహ్నం తీరం దాటుతుందట. ఉదయానికల్లా కర్రలు తీసెయ్యాలి.

ఎనిమిదో నమోదు

తెల్లారగానే జాడీలన్నీ ఉట్టిలోకెక్కించి, పంతులు చేత తూకం వేయించాను.

"ఒక పెద్ద జాడీ అంత తక్కువ. మరియు సర్పంచిగారి జాడీయందు ఆవకాయ అంగుళము మాత్రమే. అడుగున ఊక" అంది, అందరికీ వినబడేలా.

"మా ఆవిడ పనండి! నాకు తెలీదండి!" అన్నాడు కోదండం. ఆవిడ అక్కడే ఉంది. "ఊక ఎవరు తెచ్చిచ్చారో చెప్పమంటారా?" అంది.

బయట గాలి ఈల వేస్తోంది. ఆకాశం నల్లగా దిగిపోయింది. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. పంతుల్ని కోదండం వైపు తిప్పాను.

"సరిపోవును" అంది పంతులు.

సర్పంచిని నలుగురూ ఎత్తి ఉట్టిలో కూర్చోబెట్టారు. మాగాయకూ గోంగూరకూ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. "మొత్తానికి ఊరి మనసు వేలాడుతోంది" అన్నాడు పోలయ్య. ఆ గాలిలో కూడా జనం పగలబడి నవ్వారు.

ఒక్క కర్ర తీశాం. కప్పు నిలిచింది. అంతలో కారం ఘాటుకు కోదండం తుమ్మాడు. ఉట్టి ఊగింది. మొన దగ్గర మళ్ళీ 'టిక్'. మనిషి పనికిరాడు. తుమ్ముతాడు, దగ్గుతాడు, కాలు తిమ్మిరెక్కిందంటాడు. జాడీయే కావాలి. ఊళ్ళో మిగిలింది ఒకటే జాడీ.

వానలో పరిగెత్తాను. మామ్మ వీధి మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఆవిడ జాడీని మంచం మీద పెట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. కోడలు బతిమాలుతోంది.

"నేను రాను. కప్పు పాడు చేసినదాన్ని. ఆ కప్పు కింద నాకేం పని?" అంది నన్ను చూడగానే.

"మీ జాడీ లేకపోతే ఆ కప్పు నిలవదు మామ్మా."

"జాడీ కోసం వచ్చావా, నా కోసం వచ్చావా?"

గుడ్డతో ఇన్నేళ్ళు పనిచేసినందుకేమో, నాకూ అబద్ధం రాలేదు. "జాడీ కోసమే వచ్చాను. కానీ మీరు రాకుండా జాడీ వద్దు. మిమ్మల్ని అలా అనకూడదు. వంపు సరిగ్గానే ఉంది. నేనే సరిగ్గా చెప్పలేదు. మడి అని చాటింపు వేయించి, మడి తెలిసిన మనిషి మీద అరిచాను."

ఆవిడ జాడీ వైపు చూసి, "దీన్ని మోసేదెవరు? కోడలికి నడుం పట్టేసింది. ఇది మడిలో ఉంది, ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు" అంది.

వెనక్కి తిరిగాను. వెనక గుమ్మంలో పోలయ్యా, కుమ్మరి వీధి కుర్రాళ్ళూ, టీచరమ్మా, సగం ఊరూ వచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరి నెత్తి మీంచి పాదాల దాకా నీళ్ళు కారుతున్నాయి. మామ్మ వాళ్ళను పైనుంచి కిందకు చూసింది.

"ఏంట్రా అలా నించున్నారు? అందరూ తడిబట్టలతోనే ఉన్నారుగా. ఇంతకన్నా మడేముంటుంది? పట్టండి!"

పట్టారు. ఆ వీధి పొడుగునా జాడీ చేతులు మారుతూ పోయింది. ఎవరిచేతా ముట్టించని జాడీని కొత్తలంకలో ముట్టుకోని చెయ్యి లేదు. మామ్మ వెనక నడుస్తూ, "నిదానంరా, నూనె తేలుతుంది!" అని అరుస్తూనే ఉంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

కోదండాన్ని దింపారు. జాడీ ఎక్కింది. పంతులు ఒకటే మాట అంది: "చాలును."

కర్రలన్నీ తీశాం. కప్పు కిక్కురుమనలేదు. జనం లోపలికి వచ్చారు.

తొమ్మిదో నమోదు

తుఫాను మధ్యలో రాస్తున్నాను. బయట ఏదో విరుగుతున్న చప్పుడు, తాటిచెట్లు కాబోలు. లోపల దీపాలు కూడా కదలడం లేదు.

అందరూ వెల్లకిలా పడుకుని మొన వైపు చూస్తున్నారు. "అచ్చం మా నాన్నగారి తలపాగానండి. ఆ కుచ్చు చూడండి" అంటున్నాడు కోదండం. పోలయ్యకు అది పడవ ముక్కు. కుమ్మరి వీధికి కుండ మీద మూకుడు. టీచరమ్మ అయితే మూసిన పుస్తకాన్ని మూల మీద నిలబెడితే ఇలాగే ఉంటుందంటోంది. వాదించే ఓపిక నాకు లేదు. ఊరి మనసు వ్యక్తమైందని పై అధికారులు గమనించగలరు.

వచ్చిన చిక్కు ఒకటే. అన్నం వండారు. నంజుకోవడానికి ఏమీ లేదు. ఊళ్ళో ఉన్న ఊరగాయంతా నెత్తి మీద వేలాడుతోంది. మూడు వందల మంది చప్పటి ముద్దలు మింగుతూ పైకి చూస్తున్నారు. ఒక పిల్ల ఏడ్చింది. తల్లి, "ముట్టుకుంటే మెట్టపాలెం పోవాలి" అంది. పిల్ల నోరు మూసింది.

పదో నమోదు

సాయంత్రానికి గాలి తగ్గింది. ఊళ్ళో ఇళ్ళు చాలా పోయాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

"పంతులూ, ఇప్పుడు ఎంత తీసినా ఫరవాలేదు?" అని అడిగాను.

అది కాసేపు గొణిగింది. "తలకొక ముక్క."

సభ సభంతా లేచి కంచాలు పట్టుకుంది. పోలయ్య నిచ్చెన వేశాడు. మామ్మ పైట బిగించి నాలుగు మెట్లెక్కి, తన జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. ఆ వాసనకు కోదండం మళ్ళీ తుమ్మాడు. ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

వానాకాలం పోయాక శాఖ పాకం పంపుతుంది. అప్పుడు మొనలో రాతి ముద్ద వేలాడదీసి, జాడీలు ఎవరివి వాళ్ళకిచ్చేయొచ్చు. ఆ మాటే అన్నాను. "ఎందుకు?" అన్నారు అందరూ ఒకేసారి. ప్రతి వేసవికీ కొత్తది పెట్టి నింపుతారట. కప్పు మరమ్మతుల కింద ఏటా మామిడికాయలు, ఆవపిండి, నువ్వుల నూనె అని రాసుకోవలసిందిగా శాఖకు మనవి.

మామ్మ మొదటి ముక్క ఎవరికీ వేయలేదు. మెట్లు దిగి తిన్నగా నా దగ్గరకు వచ్చింది.

"ముందు నువ్వు తిను. వీధిలో నన్ను నానా మాటలూ అన్న నోరు కదా, కాస్త మండాలి" అని, ముద్ద కలిపి తనే నా నోట్లో పెట్టింది.

"బాగుందా?" అంది.

తల ఊపాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. కారం వల్లేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.